దిగే తేదీ ముందే రాసి ఉండాలి

2016 ఆగస్టు 8 మధ్యాహ్నం మూడింటికి జపాన్ టీవీల్లో ఒక రికార్డింగ్ వచ్చింది. ఎనభై రెండేళ్ల చక్రవర్తి అకిహితో బల్ల ముందు కూర్చుని, చేతిలో కాగితాలు పెట్టుకుని పది నిమిషాల పైచిలుకు చదివారు. వయసు మీదపడిందని, ఆపరేషన్ల తర్వాత ఒంట్లో సత్తువ తగ్గుతున్నట్టు తెలుస్తోందని, ఇప్పటిదాకా ఒళ్లూ మనసూ పెట్టి చేసిన పనిని ఇకముందు అలా చేయలేనేమోనని దిగులుగా ఉందని చెప్పారు. విన్నవాళ్లందరికీ విషయం అర్థమైంది. "నేను తప్పుకుంటాను" అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు, రాకూడదు కూడా. జపాన్ రాజ్యాంగం నాలుగో అధికరణ ప్రకారం ప్రభుత్వ వ్యవహారాల్లో చక్రవర్తికి ఏ అధికారమూ లేదు. రాజవంశానికి వర్తించే 1947 నాటి చట్టంలో చక్రవర్తి బతికుండగా గద్దె దిగే దారే లేదు. దిగుతానంటే చట్టం మార్చమన్నట్టు, చట్టం మార్చమంటే రాజకీయం చేసినట్టు. ఆ దేశంలో మామూలు గుమాస్తా ఒక కాగితం మీద రాసిచ్చి ఇంటికెళ్లిపోయే విషయాన్ని, చక్రవర్తి దేశమంతా వింటుండగా చెప్పీ చెప్పకుండా విన్నవించుకోవాల్సి వచ్చింది.

వయసు మళ్లిన రాజు వారసుడికి గద్దె అప్పగించి తప్పుకోవాలా అని ఎవరైనా అడిగితే నా జవాబు సూటిగానే ఉంటుంది: తప్పుకోవాలి. అంతకన్నా గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఇంకొకటి ఉంది. ఆ ప్రశ్నను ఆ ముసలి మనిషి నెత్తిన పెట్టడమే అన్యాయం. ఎప్పుడు దిగాలో చట్టం ముందే చెప్పేయాలి, ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఎవరి మనసులోనూ ఇంకా ఏ అనుమానమూ లేనప్పుడే.

అకిహితో ఏ పని చేయలేనేమోనని దిగులుపడ్డారో చూడాలి ముందు. 1991 జూన్‌లో నాగసాకి జిల్లాలో ఉన్‌జెన్ అగ్నిపర్వతం నుంచి దూసుకొచ్చిన వేడి బూడిదకి 43 మంది చనిపోయారు. తర్వాతి నెలలో అకిహితో, మిచికో దంపతులు అక్కడికి వెళ్లారు. ఇళ్లు వదిలి వచ్చినవాళ్లంతా ఒక వ్యాయామశాలలో చాపలు పరుచుకుని ఉన్నారు. ఆయన కోటు, టై లేకుండా, చొక్కా చేతులు పైకి మడుచుకుని, వాళ్ల ఎదురుగా నేల మీద మోకాళ్లపై కూర్చుని మాట్లాడారు. ఆయన తండ్రి హిరోహితోని రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా దేవుడితో సమానంగా కొలిచిన దేశం అది. చక్రవర్తి నేల మీద కూర్చోవడమేంటని సంప్రదాయవాదుల్లో కొందరు నొచ్చుకున్నారు కూడా. ఆయన మానలేదు. 1995లో కోబే భూకంపం వచ్చినప్పుడూ అంతే. 2011 మార్చిలో సునామీ వచ్చాక, డెబ్బై ఏడేళ్ల వయసులో, వరసగా ఏడు వారాల పాటు బాధితుల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. ప్రతిచోటా అదే వరస: ఒక కుటుంబం ముందు మోకాళ్ల మీద కూర్చోవడం, వాళ్లు చెప్పేది వినడం, లేవడం, పక్క కుటుంబం దగ్గరికి జరిగి మళ్లీ కూర్చోవడం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గుండెకి బైపాస్ చేశారు. మూడు వారాలు గడిచాక, సునామీకి ఏడాది నిండిన రోజున జరిగిన సంస్మరణ సభకి వచ్చి నిలబడ్డారు.

నేను ఇంతసేపు దీని గురించి చెప్పడానికి కారణముంది. అధికారాలేవీ లేని రాజుకి ఆ ఉద్యోగమంతా ఒంటితో చేసేదే. మంత్రి మంచం మీద నుంచి కూడా ఫైలు మీద సంతకం పెట్టొచ్చు, ఆ సంతకానికి విలువ ఏమీ తగ్గదు. కానీ ఇలాంటి రాజు చేసే పని రావడం, నిలబడటం, కూర్చోవడం, వినడం. మోకాళ్లు సహకరించకపోతే ఆ పని సగం కూడా జరగదు. "పేరుకి రాజే కదా, ఏ వయసులో ఉంటే ఏంటి" అనేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడుతున్నారు. నిజంగా పాలించే రాజుకి సలహాదారులు, అధికారులు, దివాన్లు ఉంటారు, ఆయన వయసుని వాళ్లు కొంత కప్పేయగలరు. కళ్లముందు కనబడటమే పనైన మనిషికి ఆ వెసులుబాటు లేదు.

మరి రాజప్రతినిధిని పెట్టుకోవచ్చు కదా అన్నారు జపాన్లో చాలామంది. చట్టంలో ఆ ఏర్పాటు ఉంది, చక్రవర్తి పేరు మీద యువరాజు పని చూసుకుంటాడు. అకిహితో తన ప్రసంగంలోనే దీనికి జవాబిచ్చారు. అలా చేస్తే తన పని తాను చేయలేని మనిషి చివరిదాకా చక్రవర్తిగానే మిగిలిపోతాడని, దాంతో ఏమీ మారదని అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. చక్రవర్తి మంచాన పడితే దేశం ఎలా ఆగిపోతుందో తాను చూశానని, తర్వాత అంత్యక్రియల తంతు నెలల తరబడి, ఏడాది దాకా నడుస్తుందని, అందులో కుటుంబం ఎంత నలిగిపోతుందో తనకు తెలుసని. ఒక చక్రవర్తి తన చావు వల్ల ఇతరులకి కలిగే ఇబ్బంది గురించి టీవీలో మాట్లాడటం మామూలు విషయం కాదు.

ఆయన చూసింది తండ్రి చివరి రోజులు. 1988 సెప్టెంబరు 19 రాత్రి హిరోహితో రక్తం కక్కుకుని పడిపోయారు. 1989 జనవరి 7న పోయారు. ఆ మధ్య 111 రోజులు ఆయన శరీరం గురించి దేశానికి రోజూ లెక్క అప్పజెప్పారు: జ్వరం ఎంత, నాడి ఎంత, బీపీ ఎంత, ఇవాళ ఎంత రక్తం ఎక్కించారు. మొత్తం ముప్పై లీటర్లకి పైగా ఎక్కించారు. ఊళ్లలో జాతరలు ఆపేశారు, పెళ్లి విందులు వాయిదా వేసుకున్నారు లేదా చడీచప్పుడు లేకుండా కానిచ్చారు. ఒక కారు ప్రకటనలో గాయకుడు కిటికీలోంచి తల బయటపెట్టి "అందరూ కులాసాయేనా" అని అడుగుతాడు. ఈ సమయంలో ఆ మాట బాగుండదని గొంతు తీసేశారు, మనిషి పెదవులు మాత్రం కదులుతూ కనిపించేవి. కొడుకు అకిహితో అప్పటికి యాభై ఐదేళ్లవాడు, తండ్రి పనులన్నీ చూసుకుంటూనే ఉన్నాడు. వారసుడు సిద్ధంగా ఉన్నా, పని చేస్తూనే ఉన్నా, గద్దె చేతులు మారాలంటే ఒక మనిషి ఊపిరి ఆగాల్సిందే. దీన్ని గౌరవం అంటే నేను ఒప్పుకోలేను. ఎనభై ఏడేళ్ల మనిషిని ప్రశాంతంగా పోనివ్వకుండా చేసిన ఏర్పాటు అది.

2016 చివర్లో ప్రభుత్వం పదహారు మంది నిపుణుల్ని పిలిచి అడిగింది. వాళ్లలో కొందరు, చక్రవర్తి ఆ ఊళ్లన్నీ తిరగక్కర్లేదు, రాజప్రాసాదంలో కూర్చుని దేశం కోసం ప్రార్థిస్తే చాలు అన్నారు. దాదాపు ముప్పై ఏళ్లపాటు ఆయన చేసిన పనంతా అనవసరమని చెప్పినట్టే కదా అది, పైగా ఆయనంటే భక్తి ఉన్నవాళ్ల నోట! మిగతా అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. జపాన్ చరిత్రలో గద్దె దిగిన చక్రవర్తులు చాలామందే. వాళ్లలో కొందరు దిగినట్టే దిగి వెనకనుంచి పాలించారు. 1087లో చిన్నపిల్లాడైన కొడుకుని గద్దెనెక్కించి తాను తప్పుకున్న షిరకావా ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు అసలు అధికారం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఒకే కాలంలో ఇద్దరు చక్రవర్తులుంటే దేశం ఎవరి మాట వినాలి? ఆ గొడవలు చూసే మెయిజీ కాలంలో, 1889లో, బతికుండగా దిగే పద్ధతిని చట్టంలోంచి తీసేశారు. అప్పటికి ఆఖరుగా దిగిన చక్రవర్తి కోకాకు, 1817లో.

ఆ భయం ఆనాటికి న్యాయమే. రాజు చేతిలో అధికారం ఉన్నప్పుడు, దిగినా అది ఆయన వెంటే వెళ్తుంది. ఇప్పుడు చక్రవర్తి చేతిలో అధికారమే లేదు, మరి వెనకనుంచి నడపడానికి ఏముంది? అకిహితో దిగాక ఎలా బతుకుతున్నారో చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అధికారిక కార్యక్రమాల నుంచి పూర్తిగా తప్పుకున్నారు. ప్రాసాదం కొడుక్కి ఖాళీ చేసి ఇచ్చారు. ఆయనకు యౌవనం నుంచీ గోబీ అనే చిన్న చేపల మీద పరిశోధన చేయడం ఇష్టం, 2021లో కొత్త జాతుల గురించి పరిశోధన పత్రం కూడా వెలువరించారు. ఎనభై ఏడేళ్ల వయసులో తన పేరు మీద సొంత పని! ఈ వార్త చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

బ్రిటన్ సంగతి దీనికి పూర్తిగా వేరు. ఎలిజబెత్ రాణి తన ఇరవై ఒకటో పుట్టినరోజున, 1947 ఏప్రిల్ 21న, కేప్‌టౌన్ నుంచి రేడియోలో మాట్లాడుతూ తన జీవితం ఎంత కాలమైనా, పొడుగైనా పొట్టిదైనా, అంతా సేవకే అని మాటిచ్చారు. డెబ్బై ఐదేళ్లు ఆ మాట మీదే నిలబడ్డారు. దానికి వెనక ఇంట్లో జరిగిన కథ ఒకటుంది. 1936 డిసెంబరులో ఆమె పెదనాన్న ఎనిమిదో ఎడ్వర్డ్ ప్రేమించిన మనిషిని పెళ్లి చేసుకోవడానికి గద్దె వదిలేసి వెళ్లిపోయాడు, ఏనాడూ రాజు అవుతాననుకోని ఆమె తండ్రి మీద ఆ బరువు పడింది. అప్పుడామెకు పదేళ్లు. ఆ ఇంట్లో గద్దె దిగడం అంటే పారిపోవడమే అయ్యింది. ఆమె మొండితనాన్ని నేను తప్పుపట్టను. పైగా ఆమె ఇంకో పద్నాలుగు దేశాలకి కూడా రాణి, దిగాలంటే అన్నిచోట్లా చట్టాల చిక్కు.

అయినా ఆ చివరి ఏడాది చూడండి. 2021 అక్టోబరులో ఒక రాత్రి ఆసుపత్రిలో ఉన్నారు. ఆ తర్వాత వెళ్లాల్సిన కార్యక్రమాలు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. 2022 మే 10న పార్లమెంటు ప్రారంభ సమావేశానికి రాలేకపోయారు, నడవడం కష్టంగా ఉందని ప్రాసాదం ప్రకటించింది. ఆమె బదులు కొడుకు చార్లెస్ వచ్చి ప్రసంగం చదివారు. ఆయన కూర్చున్నది రాణి సింహాసనం మీద కాదు, అది ఆ రోజు అక్కడ లేదు. భర్తకి వేసే కుర్చీలో కూర్చున్నారు. పక్కన చిన్న బల్ల మీద, మెత్తని దిండు మీద కిరీటం పెట్టారు. డెబ్బై మూడేళ్ల కొడుకు ఆ కిరీటం పక్కన కూర్చుని "మహారాణి గారి ప్రభుత్వం" అంటూ చదువుకుంటూ పోయాడు. ఆ దృశ్యంలో గొప్పతనం వెతికినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం కష్టంగా అనిపించింది, ఇద్దరి తరఫునా. సెప్టెంబరు 6న బాల్మోరల్‌లో కొత్త ప్రధాని లిజ్ ట్రస్‌తో ఫొటో దిగారు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతి మీద నల్లగా కమిలిన మచ్చ, మొహం నిండా నవ్వు. రెండు రోజులకి కన్నుమూశారు. "ఆఖరి నిమిషం దాకా పనిచేసింది" అని లోకమంతా మెచ్చుకుంది, నేనూ ఆ నవ్వు చూసి చలించాను. కానీ తొంభై ఆరేళ్ల మనిషి చనిపోవడానికి రెండు రోజుల ముందు డ్యూటీ చేయాల్సి రావడం మనం మెచ్చుకోవాల్సిన విషయమా? ఆ స్థానంలో మన అమ్మమ్మ ఉంటే మనమే వెళ్లి "చాలు, పడుకో" అనేవాళ్లం.

మరి కొడుకు సంగతి? చార్లెస్ రాజయ్యేనాటికి డెబ్బై మూడు. ఏడాదిన్నర తిరక్కుండా, 2024 ఫిబ్రవరి 5న, ఆయనకి క్యాన్సర్ అని ప్రకటించారు. రాజు ఎంతకాలం బతికితే వారసుడు అంత ముసలివాడై గద్దెనెక్కుతాడు, మళ్లీ అదే ప్రశ్న మొదలవుతుంది, ఈసారి ఇంకా తొందరగా. మనుషులు నలభై యాభై ఏళ్లకే పోయే కాలంలో పెట్టుకున్న పద్ధతి ఇది. మందులు, ఆపరేషన్లు మనిషి ఆయుష్షు పెంచాయి, పద్ధతి మాత్రం అక్కడే ఉండిపోయింది.

నార్వే రాజు హరాల్డ్ కూడా ఎలిజబెత్ లాగే ఆలోచిస్తారు. 1937లో పుట్టారు. 2024 మొదట్లో ఆయన్ని అడిగితే, పార్లమెంటు ముందు ప్రమాణం చేశాను, అది జీవితాంతం ఉండేదే అన్నారు. కొద్ది వారాలకే మలేషియాలో సెలవుల్లో ఉండగా జబ్బు పడ్డారు, పేస్‌మేకర్ పెట్టారు, ఆ తర్వాత కార్యక్రమాలు శాశ్వతంగా తగ్గించుకుంటున్నట్టు చెప్పారు. మాట ఇచ్చి నిలబడేవాళ్లంటే నాకు గౌరవం. అయితే ఆ మాట ఎందుకు ఇచ్చారు, పని జరగడానికే కదా. పనిలో సగం యువరాజుకి అప్పగించి పేరు మాత్రం తన దగ్గర ఉంచుకుంటే, మాట నిలబడినట్టా, సగం నిలబడినట్టా? ఆయన్ని అడగను. ఆ ప్రమాణం అలా రాసినవాళ్లని అడగాలి.

డెన్మార్క్‌లో 2023 డిసెంబరు 31 రాత్రి ఎప్పటిలాగే రాణి మార్గ్రెథె కొత్త సంవత్సరం ప్రసంగం నడుస్తోంది. ఆ ఏడాది తన వెన్నుకి ఆపరేషన్ అయ్యిందని, దాంతో ఆలోచన మొదలైందని చెబుతూ చెబుతూ, జనవరి 14న దిగిపోతున్నానని చెప్పేశారు. ఆమె అంతకుముందు చాలాసార్లు, ఓపిక ఉన్నంతకాలం దిగేది లేదని చెప్పిన మనిషి. డెన్మార్క్‌లో ఒక పాలకుడు తనంతట తాను దిగడం 1146 తర్వాత అదే మొదటిసారి. ఆ రోజు మంత్రుల సమావేశంలో కాగితం మీద సంతకం పెట్టి, బల్ల చివర ఉన్న తన కుర్చీలోంచి లేచి, దాన్ని కొడుకు ఫ్రెడరిక్‌కి వదిలి, "దేవుడు రాజుని కాపాడుగాక" అని చెప్పి కర్ర పట్టుకుని బయటికి నడిచి వెళ్లారు. గదిలో ఉన్నవాళ్లకి కన్నీళ్లు వచ్చి ఉంటాయేమో గానీ, ఎవరికీ నల్లబట్టలు వేసుకోవాల్సిన అవసరం రాలేదు. గద్దె అప్పగించిన తల్లే కొడుకు రాజు కావడం కళ్లతో చూసింది. ఇది చిన్న విషయమా? చార్లెస్‌కీ అకిహితోకీ దక్కనిది అదే.

నెదర్లాండ్స్ వాళ్లకి ఇది ఎప్పుడో అలవాటైపోయింది. 1948లో విల్హెల్మీనా, 1980లో యూలియానా, 2013లో బియాట్రిక్స్, వరసగా ముగ్గురు రాణులు దిగారు. బియాట్రిక్స్ అయితే, పని బరువై దిగడం లేదు, బాధ్యత కొత్త తరం చేతికి వెళ్లాలి కాబట్టి దిగుతున్నాను అని స్పష్టంగా చెప్పారు. తర్వాత మళ్లీ యువరాణి అని పిలిపించుకున్నారు, మరో ఇంటికి మారిపోయారు. ఇంత చక్కగా జరిగినా ఇక్కడా ఒక లోటుంది. దిగడం ఆమె ఇష్టం మీదే ఆధారపడింది. అలవాటు ఎంత మంచిదైనా, దాన్ని పాటించని మనిషి వచ్చేదాకానే.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఎనిమిదేళ్లకి రిటైరయ్యారు. ఆయనకు వెళ్లడం ఇష్టం లేదు, ఇంకా పదేళ్లు చెప్పగలనని అనేవారు, నిజంగానే చెప్పగలిగేవారు. స్టాఫ్ రూమ్‌లో శాలువా కప్పి, దండ వేసి, పూర్వ విద్యార్థులు మాట్లాడి, పిల్లలు కాళ్లకి దండం పెట్టి పంపించారు. బాధపడ్డారు, కానీ అవమానపడలేదు. ఎందుకంటే ఎవరూ ఆయన్ని చూసి "మీకు ఇక చేతకావడం లేదు" అనలేదు. పుట్టిన తేదీ అనింది, అంతే. అదే తేదీన అదే వయసున్న ఇంకో మాస్టారు పక్క ఊళ్లో దిగాడు. ఇప్పుడు ఆ వయసు ఆంధ్రలో 62, తెలంగాణలో 61 చేశారు. ఎంత పెట్టాలన్నదాని మీద మనం వాదించుకోవచ్చు, వాదించుకుంటూనే ఉన్నాం. కానీ ఒక్కొక్క మాస్టారినీ పిలిచి "మీరు ఎప్పుడు దిగుతారు" అని అడిగే పద్ధతి పెడితే ఎంత గొడవ, ఎంత టెన్షన్, ఎంత గుసగుస! రాజుల విషయంలో సరిగ్గా అదే చేస్తున్నాం.

ఇది రాజుకి ఎలా వర్తిస్తుంది అంటారా, పక్కనే ఒక దేశం చేసి చూపించింది. భూటాన్ నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పదహారేళ్ల వయసులో, 1972లో గద్దెనెక్కారు. తన అధికారం తానే తగ్గించుకుంటూ వచ్చి, రాజ్యాంగం ముసాయిదా రాయించి, 2005లో దాన్ని జిల్లాలకి తీసుకెళ్లి జనంతో చర్చ పెట్టారు. మాకు ఇవన్నీ వద్దు, మీరుంటే చాలు అని జనమే అన్నారు. ఆయన వినలేదు. 2006 డిసెంబరులో, యాభై ఒక్కేళ్ల వయసులో, కొడుకు ఖేసర్‌కి గద్దె అప్పగించి తప్పుకున్నారు. 2008లో ఆమోదించిన రాజ్యాంగంలో రెండో అధికరణ చెప్పేది ఇదీ: అరవై ఐదేళ్లు నిండగానే రాజు దిగి, గద్దెని యువరాజుకి గానీ యువరాణికి గానీ అప్పగించాలి, వారసుడికి యుక్తవయసు వచ్చి ఉంటే.

ఈ చిన్న నిబంధన చాలా ఆలోచించి రాసిందని నా నమ్మకం. రాజుకి అది అవమానం కాదు, తేదీ ఆయన పుట్టినప్పుడే నిర్ణయమైపోయింది. వారసుడి మీద అనుమానం లేదు, తండ్రిని దింపేశాడని ఎవరూ అనలేరు. ఇప్పటి రాజు ఖేసర్ 1980 ఫిబ్రవరి 21న పుట్టారు. అంటే 2045 ఫిబ్రవరిలో దిగాలి. ఆయన పెద్ద కొడుకు 2016లో పుట్టాడు, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లవాడు అవుతాడు. భూటాన్‌లో ప్రతి ఒక్కరికీ ఆ తేదీ తెలుసు. తండ్రికి తెలుసు, కొడుక్కి తెలుసు, దానికి తగ్గట్టు పెంచుకుంటారు, నేర్పుకుంటారు.

ఆ "యుక్తవయసు వచ్చి ఉంటే" అనే షరతు ఎంత ముఖ్యమో తెలియాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు. తిమ్మరుసు కళ్లు పొడిపించిన కథ తెలియని తెలుగువాళ్లు అరుదు, దానికి మొదలు ఎక్కడుందో చెప్పుకోవడం మాత్రం తక్కువ. గుర్రాల వ్యాపారం మీద విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం, శ్రీకృష్ణదేవరాయలు వయసు పైబడుతోందని, తాను ఉండగానే కొడుకుని రాజుని చేయాలని, ఆరేళ్ల తిరుమలరాయలికి పట్టం కట్టాడు. తాను గద్దె దిగి కొడుక్కి మంత్రిగా కూర్చున్నాడు. ఇది 1524 ప్రాంతం మాట. నెలల తరబడి ఉత్సవాలు నడుస్తుండగానే పిల్లాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది, రాయలు ఆ ముసలి మంత్రిని ఖైదు చేసి కళ్లు తీయించాడు. ఆరేళ్ల పిల్లాడి నెత్తిన కిరీటం పెట్టి, రాజ్యం నడపడం మాత్రం తన చేతిలో ఉంచుకుంటే దాన్ని దిగడం అనలేం. ఎవరు రాజో, ఎవరు మంత్రో, రేపు ఎవరో తెలియని కోటలో అనుమానానికి కొదవేముంటుంది? అంతకు రెండున్నర శతాబ్దాల ముందు ఓరుగల్లులో గణపతిదేవుడు చేసిన పని దీనికన్నా ఎంతో మెరుగు. ఎదిగిన కూతురు రుద్రమని 1260 ప్రాంతంలో ముందు తనతో పాటు పాలనలో కూర్చోబెట్టి, తర్వాత తాను తప్పుకున్నాడు. ఆమె దశాబ్దాలు ఏలింది.

అరవై ఐదు మరీ తొందర అనేవాళ్లకి నా దగ్గర పెద్ద అభ్యంతరం లేదు. డెబ్బై పెట్టుకోండి, డెబ్బై ఐదు పెట్టుకోండి. అంకె కన్నా అది ముందే రాసి ఉండటం ముఖ్యం. వారసుడు పనికిమాలినవాడైతే ఏం చేస్తారన్నది నిజమైన ప్రశ్నే, కానీ తండ్రి చావుదాకా ఆగినా వచ్చేది ఆ వారసుడే. ఇంకా చెప్పాలంటే, తండ్రి పక్కన ఉండి ఒక మాట చెప్పగలిగినప్పుడు గద్దెనెక్కడమే కొంత నయం. ఇక దిగితే రాజుకి రక్షణ పోతుందనే భయం గురించి ఒక్క ముక్క: బెల్జియం రాజు రెండో ఆల్బర్ట్ 2013లో దిగాక, తాను కాదన్న కూతురు కోర్టుకెళ్లింది, 2020లో డీఎన్ఏ పరీక్ష ఆయనే తండ్రి అని తేల్చింది. ఆయన గద్దె మీదే ఉండి ఉంటే ఆమెకి ఆ న్యాయం దొరికేది కాదు. కాబట్టి ఈ భయం నన్ను అంతగా కదిలించదు.

అసలు ఈ కాలంలో రాజులెందుకు అనే వాదన ఉంది, అది వేరే వాదన, పెద్దది. ఒక దేశం ప్రజలు రాజరికాన్ని ఉంచుకున్నారంటే, ఆ కుర్చీలో కూర్చున్నది ఒక మనిషి అన్న సంగతి కూడా ఆ దేశమే చూసుకోవాలి. ఆ మనిషి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు, పుట్టుకతో వచ్చింది. ఓటు లేదు, నచ్చిన మాట మాట్లాడే వీలు లేదు, ఎంచుకున్న ఊళ్లో బతికే వీలు లేదు. వీటన్నిటి పైన, ముసలితనంలో పనిలోంచి దిగే వీలు కూడా లేదంటే, ఆ మనిషిని గౌరవిస్తున్నామని చెప్పుకునే హక్కు ఆ దేశానికి ఎక్కడుంటుంది?

జపాన్ చివరికి చట్టం చేసింది. సర్వేల్లో ఎనభై శాతానికి పైగా జనం చక్రవర్తి వైపే నిలబడ్డారు, 2017 జూన్‌లో పార్లమెంటు ఒప్పుకుంది. 2019 ఏప్రిల్ 30 సాయంత్రం పది నిమిషాల వేడుక. ముందు ప్రధాని షింజో అబే మాట్లాడారు, తర్వాత ఎనభై ఐదేళ్ల అకిహితో జనానికి కృతజ్ఞతలు చెప్పారు. వేదిక దిగాక ఆగి, వెనక్కి తిరిగి మిచికోకి చెయ్యి అందించి ఆమెని కిందికి దింపారు. మర్నాడు నరుహితో చక్రవర్తి అయ్యారు. అంతా సవ్యంగా జరిగింది, ఒక్కటి తప్ప: ఆ చట్టం అకిహితో ఒక్కరికే. తర్వాతి చక్రవర్తులకి వర్తించదు.

నరుహితో 1960 ఫిబ్రవరిలో పుట్టారు. 2040కి ఆయనకు ఎనభై. ఆయన ఒక్కగానొక్క సంతానం ఐకో ఆడపిల్ల కాబట్టి ఇప్పటి చట్టం ప్రకారం గద్దెకి రాదు. వరసలో తర్వాత ఉన్నది తమ్ముడు అకిషినో, 1965లో పుట్టాడు, అప్పటికి డెబ్బై ఐదు. అన్న దిగితే తమ్ముడు ఎక్కాలి, ఎక్కీ ఎక్కగానే ఆయన ఎప్పుడు దిగుతాడని అడగాలి. అన్న మళ్లీ కెమెరా ముందు కూర్చుని, చెప్పకూడని మాట చెప్పకుండా చెప్పాలి. ప్రభుత్వం మళ్లీ నిపుణుల్ని పిలవాలి, మళ్లీ ఎవరో ఒకరు ప్రార్థన చాలంటారు. ఇదంతా ఇప్పుడే కనబడుతోంది. నరుహితో ఇంకా హాయిగా తిరుగుతున్నారు, ఆయన గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేదు, అందుకే ఇదే సరైన సమయం. వయసు ఎంతన్నది, వారసుడెవరన్నది రెండూ కలిపి అందరికీ వర్తించేలా ఇప్పుడు చట్టంలో రాసేయాలి. ఆయన మంచాన పడ్డాక రాస్తే, అది మళ్లీ ఆయన ఒక్కరి కోసం రాసిన చట్టమే అవుతుంది.